సర్క్యూట్ బ్రేకర్ రోజుల్లో అత్తయ్య పడ్డ సంగతి

కొన్నాళ్ళుండి పోదామని వచ్చిన మా అత్తయ్య, విమానాలు ఆగిపోవడంతో సింగపూర్ పాసిర్ రిస్‌లోని మా ఫ్లాట్లో చిక్కుకుపోయింది. ఇక్కడ లాక్‌డౌన్‌ని సర్క్యూట్ బ్రేకర్ అన్నారు. పేరేదైతేనేం, ఇంట్లో కూర్చోవాల్సిందే. నెల్లూరులో పొద్దున్నే లేచి నాలుగు వీధులు చుట్టొచ్చే మనిషికి అది పెద్ద శిక్ష. నేనూ మా ఆయనా చెరో గదిలో లాప్‌టాప్‌ల ముందుంటే, ఆవిడ హాల్లోంచి వంటింటికీ, వంటింట్లోంచి హాల్లోకీ నడిచేది.

ఒకరోజు తుడిచిన నేల ఆరకముందే నడక మొదలుపెట్టి జారి పడింది. చప్పుడు విని నేను మీటింగ్‌లోంచి పరిగెత్తుకొచ్చేసరికి, కుర్చీ పట్టుకుని లేచి నిలబడే ఉంది.

“ఏం కాలా. బెణికిందంతే. నువ్వెళ్ళి పని చూసుకో అమ్మాయ్.”

డాక్టరుకి చూపిద్దామంటే ఒప్పుకోలేదు. “కాలు నొప్పికని పోయి కరోనా తెచ్చుకోమంటావా?”

ఆ భయం మాకూ లేకపోలేదు. నొప్పి మందు రాసి, కాపడం పెట్టాం. ఆవిడ కుంటుతూనే తిరిగింది. మూడోనాడు పొద్దున మంచం దిగబోయి కెవ్వుమంది. కాలు కింద మోపలేకపోయింది. ఇక ఆవిడని అడగకుండానే మా ఆయన అంబులెన్స్ పిలిచాడు. తల నుంచి కాళ్ళ దాకా కప్పుకుని వచ్చిన మనుషుల్ని చూసి, అత్తయ్య నా చెయ్యి వదల్లేదు.

ఎమర్జెన్సీ కిటకిటలాడుతుంటుందనుకున్నాను. జ్వరాలవాళ్ళని వేరేవైపు పంపేస్తున్నారు. దెబ్బలు తగిలినవాళ్ళ వైపు సగం మంచాలు ఖాళీ. ఎక్స్‌రే చూసి, తుంటి ఎముక విరిగిందని చెప్పాడు డాక్టరు.

“రోడ్లు ఖాళీ, కట్టడాల పనులు ఆగాయి. బైకు మీంచి పడ్డవాళ్ళు, పరంజా మీంచి పడ్డవాళ్ళు తగ్గారు,” అన్నాడు. “ఇప్పుడు చాలామంది ఇంట్లో పడి వస్తున్నవాళ్ళే. స్టూలెక్కి ఫ్యాను తుడుస్తూ ఒకరు, బాత్రూంలో ఒకరు. ఆంటీలాగే భయపడి ఆలస్యంగా వస్తున్నారు. అయినా మించిపోయిందేమీ లేదు. రేపే ఆపరేషన్ చేసేస్తాం.”

వార్డులోకి మాత్రం నన్ను రానివ్వలేదు. ఎవరినీ రానివ్వడంలేదు.

“వాళ్ళ మాట నాకు రాదు, నా మాట వాళ్ళకి రాదు. ఎట్టా?” అంది అత్తయ్య, చక్రాల మంచం మీంచి తల తిప్పి.

“ఫోనుందిగా అత్తయ్యా. ఎప్పుడు కావాలంటే అప్పుడు చెయ్యండి.”

చేసింది. దుప్పటి కావాలన్నా, చారు లేదన్నా, నొప్పెక్కువైందన్నా నాకే వీడియో కాల్. ఆవిడ చెప్పేది నేను ఇంగ్లీషులో నర్సుకి చెప్పేదాన్ని. ఆఫీసు మీటింగులు మ్యూట్‌లో నడిచిపోయేవి.

ఆపరేషనైన మర్నాడు ఫిజియోథెరపీ అమ్మాయి ఫోను తీసుకుంది. తలకి స్కార్ఫ్ కట్టుకున్న మలయ్ పిల్ల. “ఆంటీని ఇవాళ నిలబెట్టాలి. మీ భాషలో ‘స్లోలీ’ని ఏమంటారు?”

“మెల్లగా.”

“మెలగా, ఆంటీ, మెలగా.”

ఫోనుని ఎవరో పట్టుకున్నారు. అత్తయ్య వాకర్ మీద రెండు చేతులూ ఆనించి, పళ్ళు బిగించి లేచింది. ఒక అడుగు. ఆగింది. ఇంకో అడుగు. మా ఆయన నా భుజం మీంచి చూస్తూ ముక్కు ఎగబీల్చాడు. పక్క మంచం మీదున్న చైనీస్ అవ్వ చప్పట్లు కొట్టింది. ఆవిడా ఇంట్లో పడే వచ్చిందట.

ఇంటికొచ్చేసరికి అత్తయ్య మాటల్లోకి మలయ్ దిగింది. నేను వంటింట్లో హడావిడి పడుతుంటే, “పెలాన్, పెలాన్. అంటే మెల్లగా అని. ఆ పిల్ల నేర్పింది,” అనేది. వ్యాయామాలు ఒక్కపూటా మానలేదు. వాకర్ పోయి చేతికర్రొచ్చింది. ఆంక్షలు సడలాక ఒక సాయంత్రం కర్ర లేకుండానే మాతోబాటు లిఫ్టు దిగి, బ్లాకు చుట్టూ తిరిగొచ్చింది.

విమానాలు మళ్ళీ మొదలయ్యాక, ఎయిర్‌పోర్టులో మా ఆయన మాటవరసకి వీల్‌చైర్ కావాలా అని అడిగాడు. ఆవిడ వెంటనే వెళ్ళి అందులో కూర్చుంది.

“కాలు బాగైందిగా అత్తయ్యా!” అన్నాను.

“బాగైతే మాత్రం? అంత పెద్ద లైన్లో నిలబడమంటావా?” అంది, హ్యాండ్‌బ్యాగు ఒళ్ళో సర్దుకుంటూ.