పుర్రచేతి వంపు

నీళ్లు తడిపిన పచ్చగడ్డి వాసన మా అనంతపురం వైపు పుట్టినవాడి ముక్కుకు ఊరికే తగలదు. పెనుకొండ దాటినాక హైవే పక్కన, ఫ్యాక్టరీలో పనిచేసే పరదేశపు ఇంజనీర్ల కోసం ఒక చిన్న గోల్ఫ్ మైదానం వేశారు. రోజూ పొద్దున్నే ట్యాంకర్లతో తడుపుతారు. చుట్టూ చేలు నెర్రెలిచ్చి ఉంటే, ఒక్క మేకా నోరు పెట్టని ఆ పచ్చిక చూస్తే కడుపు మండుతుంది. అయినా మా ఆఫీసు పెద్దాయన బలవంతం మీద, యాభై దాటిన ఈ వయసులో అక్కడ కట్టె పట్టాను. నేను కొట్టిన మొదటి బంతి తిన్నగా బయలుదేరి, సగం దారిలో ఏదో గుర్తొచ్చినట్టు కుడికి ఒంగి, ఒంగి, వల అవతలి తుమ్మచెట్లలో పడింది. ఆట నేర్పే కుర్రాడు నవ్వి, కుడిచేతివాళ్లకు మొదట్లో అందరికీ ఇంతే సార్ అన్నాడు. నాకు నవ్వు రాలేదు. ఆ వంపు చిన్నప్పుడే నన్ను బాగా ఏడిపించింది.

మా ఊరు నల్లమాడ పక్కన. దీపావళి ఓళిగలు అయిపోయి, చెనిక్కాయ చెట్లు పీకి, కాయలు తెంపి, ఆ ఎండుకట్టె పశువులకు వామి వేసినాక ఎర్రచేను బోడిగా మిగిలేది, ఇక అదంతా మా పిల్లల రాజ్యం. పొద్దున్నే సద్ది సంగటి, రోట్లో నూరిన ఊరిబిండి పచ్చడితో తిని, జేబుల నిండా చెనిక్కాయలు పోసుకుని, చలిగాలికి పెదాలు పగిలి మండుతున్నా లెక్కచేయకుండా చేలోకి పరుగెత్తేవాళ్లం. మేమాడేది గుండాట. చేని నడుమ ఏనుగంత రాతిగుండు ఉండేది, దాని వెనక చిన్న గుంత. ఇవతల గీత దగ్గర నిలబడి, కొన ఒంగిన తుమ్మకట్టెతో గుడ్డబంతిని కొట్టి, ఎవరు తక్కువ దెబ్బల్లో ఆ గుంతలో వేస్తే వాళ్లు గెలిచినట్టు. గుండుకు ఎడమపక్క ముళ్ల కిత్తనార కంచె ఆనుకుని ఉండేది కాబట్టి ఆ వైపు దారి లేదు. బంతిని కుడిపక్క నుంచే పంపాలి, పంపినాక అది గాల్లోనే ఎడమకు తిరిగి గుండు వెనక్కి చేరాలి. మా మగపిల్లల బంతులన్నీ కుడిపక్క నుంచి ఇంకా కుడికే తిరిగి, నీళ్లు లేని పాడుబావిలో పడేవి. బావిలోకి దిగి బంతి తెచ్చుకోవడంతోనే మాకు పొద్దు గూకేది.

తిరిగేది ఒక్క గంగి బంతే. గంగి నా చెల్లెలు, నాకంటే రెండేళ్లు చిన్నది, చీమిడి ముక్కు, నూనె ఎరగని జుట్టు. కట్టె ఊపిందంటే బంతి గుండుకు ఆమడ దూరంగా బయలుదేరి, పిలిస్తే ఇంటికొచ్చే గొర్రెపిల్లలాగా మెల్లగా ఎడమకు మళ్లి గుండు వెనక్కి పోయేది. అది కూడా ఓర్చుకునేవాణ్ణేమో, చూడ్డానికి మా నాయన లేకపోయింటే. నాయనకు మాట పొదుపు. వానలు ఎగ్గొట్టిన ఏడు అసలు నోరే విప్పేవాడు కాదు. అట్లాంటి మనిషి చేని గట్టు మీద గొంతుక్కూర్చుని, గంగి బంతి తిరిగినప్పుడల్లా తన మెడ కూడా దాంతోపాటే తిప్పి, నాలుక టక్కుమనిపించి నవ్వేవాడు. ఆ టక్కు కోసం నేను ఏమిచ్చేదానికైనా సిద్ధమే. నాకెప్పుడూ దక్కలేదు. సొంత చెల్లెలి మీద కళ్లలో నిప్పులు పోసుకున్నాను.

కిటుకంతా బంతిలో ఉందనుకున్నాను మొదట. పాత పంచె పీలికలు, సైకిల్ ట్యూబు ముక్కలు ఉండచుట్టి, పైన పురికోస ముళ్లు ముళ్లుగా బిగించేది గంగి. కదిరి తిరునాలలో అమ్మ కొంగు పట్టుకుని ఏడ్చి, అద్దంలాగా నున్నగా మెరిసే కొయ్యబంతి కొనిపించుకున్నాను. అది సగం దూరం కూడా పోకుండా రాయిలాగా కింద పడింది. గంగి కొట్టినా తిరగలేదు. కొత్త బంతి దండగైందన్న బాధ కంటే, గంగి బంతి కూడా తిరగలేదన్న సంతోషమే నాకు ఎక్కువైంది ఆ రోజు.

కిటుకు చేతిలో ఉందని తర్వాత తెలిసింది. గంగిది పుర్రచెయ్యి. నాయనది కూడా. ఎడమచేత్తో కోసేదానికి నాయన కమ్మరితో వేరేగా పళ్లు తీయించుకున్న కొడవలి ఒకటి మా ఇంటి చూరులో ఉండేది; అది మా ఎవరి చేతిలోనూ తెగేది కాదు, గంగి పట్టుకుంటే మాత్రం సరసరా తెగేది. అన్నం దగ్గర ఎడమచెయ్యి ముందుకొస్తే అవ్వ ఆ పిల్ల చేతి మీద గరిటెతో కొట్టేది. నాయనను కూడా చిన్నప్పుడు అట్లాగే కొట్టిందట. తిట్లు తినే ఆ చెయ్యే చేలోకి పోయేసరికి వరమైంది. మాకు కుడికి తిరిగే తప్పు దెబ్బే ఆమెకు ఎడమకు తిరిగేది, అదే అక్కడ కావలసిన దెబ్బ.

ఇంకేముంది, నేనూ పుర్రచేతివాణ్ణి కావాలనుకున్నాను. ఎడమచేత్తో పలక మీద రాశాను, ఎడమచేత్తో రాయి విసిరాను, బంతి కొట్టబోయి మోకాలి చిప్ప మీద కొట్టుకున్నాను. చివరికి ఒకరోజు రాత్రి అన్నం ముందు కూర్చుని ఎడమచేత్తో సంగటి ముద్ద తుంచాను. అవ్వ గరిటె ఎత్తేలోపే నాయన నా మణికట్టు పట్టుకున్నాడు. కోపంగా కూడా కాదు.

"నీ చెయ్యి నీకుండాది గదప్పా. మాది నీకెందుకు?" అన్నాడు.

మాది అన్నాడు. అటు వాళ్లిద్దరూ, ఇటు నేనూ. తుంచిన ముద్దను కుడిచేతికి మార్చుకున్నాను.

గంగి పెద్దమనిషైన ఏడు ఆట మాన్పించారు, బడి కూడా మాన్పించారు. ఆమె ఒంగిన తుమ్మకట్టె నాకొచ్చింది. నా బంతి కుడికే పోయినా మిగిలినవాళ్లలో నేనే నయం, ఇక నన్ను ఓడించేవాళ్లు లేరు. ఆ కార్తీకమంతా నేనే గెలిచాను, గెలిచినప్పుడల్లా గట్టు వైపు చూశాను. నాయన ఆ వైపు రావడం మానేశాడు.

ఇప్పుడు ఆ గోల్ఫ్ నేర్పే కుర్రాడు చెప్తే విషయం అర్థమైంది. బంతి ముందుగా కట్టె ముఖం, అంటే బంతిని తాకే పక్క, చూసిన వైపు బయలుదేరుతుంది. ఊపు ఒక దిక్కుకు, ముఖం ఇంకో దిక్కుకు ఉంటే బంతి పక్కకు ఒరిగి గిర్రున తిరుగుతుంది, తిరిగే బంతి గాలిని ఒకవైపుకు నెట్టి తాను రెండోవైపుకు ఒంగుతుంది. గోల్ఫ్ బంతి ఒంటిమీద గుంటలు గాలిని పట్టేదానికే; గంగి బిగించిన పురికోస ముళ్లు కూడా అందుకే పనికొచ్చాయి, నా నున్నటి కొయ్యబంతికి ఆ భాగ్యం లేదు. కుడికి పోతోందని భయపడి ఎడమకు ఊపితే ఇంకా కుడికే ఒంగుతుందట. కుడిచేతివాడు బంతిని ఎడమకు తిప్పాలంటే కాస్త కుడికే ఊపాలి, ముఖం మాత్రం ఆ ఊపు కంటే కొంచెం ఎడమకు మూసినట్టు ఉండాలి. నాలుగు ఆదివారాలు మొండిగా కొట్టాను. పోయిన వారం ఒక్క బంతి, ఒకే ఒక్కటి, కుడికి బయలుదేరి మెల్లగా ఎడమకు మళ్లింది. నాకు తెలియకుండానే గట్టు కోసం వెనక్కి తిరిగి చూశాను.

గట్టు లేదు. మా ఊళ్లో గుండును ఎప్పుడో పగలగొట్టి కంకర చేశారు, ఆ చేను నిండా ఇప్పుడు సోలార్ పలకలు పరుచుకుని ఉన్నాయి. నాయన పోయి చాలా ఏళ్లయింది. ఆ కొడవలి ఏమైందో ఎవరికీ తెలియదు. ఉన్నది గంగి ఒక్కతే, మడకశిర దగ్గర అత్తగారింట్లో గొర్రెలు చూసుకుంటూ. ఆగలేక ఫోన్ చేసి, నా బంతి కూడా ఎడమకు తిరిగిందని చెప్పాను. గొప్పకే చెప్పాను. అవతల గంగి అరుస్తున్న గొర్రెలను అదిలించింది.

"నువ్వు ఇంగా ఆడతాండావా, అన్నా?" అంది.

అందులో ఎగతాళి లేదు. ఆ గొంతులోని మంట నాకు బాగా తెలుసు. ఇన్నేళ్లూ నా లోపల ఉన్నదే అది, చెల్లెలి నోట వింటానని మాత్రం అనుకోలేదు.

పుర్రచేతివాళ్ల కట్టె ఉందా అని కుర్రాణ్ణి అడిగాను. ఇక్కడ లేదు సార్, బెంగళూరు నుంచి తెప్పించాలి అన్నాడు. తెప్పించమన్నాను. వచ్చే నెల గంగిని పిలుచుకొస్తాను. ఆమె కొడితే బంతి నాకంటే అందంగా తిరుగుతుంది, చూసి నా కడుపు మళ్లీ మండుతుంది, అది కూడా తెలుసు. కానీ నాలుక టక్కుమనిపించేదానికి ఇప్పుడు అక్కడ నేనొక్కడినే ఉంటాను.