మీటర్‌ను అనుమానించిన అమ్మాయి

2018 వేసవి. లిఫ్టులకు కంట్రోల్ బోర్డులు తయారుచేసే మా చిన్న కంపెనీ ఎల్‌బీ నగర్‌లో ఒక మేడ మీద ఉండేది. టెస్టింగ్‌కు హార్డ్‌వేర్ ఇంజినీర్ కావలసివచ్చి, దిల్‌సుఖ్‌నగర్‌లో ఎలక్ట్రానిక్స్ కోర్సులు చెప్పే రావుగారికి ఫోన్ చేశాను. ఆయన తన దగ్గర నేర్చుకున్నవాళ్ళను పంపారు. ఇంటర్వ్యూ చేసింది నేనే.

హార్డ్‌వేర్ ఇంటర్వ్యూలో ఏమడుగుతారని ఇప్పటికీ చాలామంది నన్ను అడుగుతుంటారు. ఓమ్స్ లా, కెపాసిటర్ చేసే పని, కాలేజీలో చేసిన ప్రాజెక్టు, వీటితో మొదలవుతుంది. కాసేపటికి రెజ్యూమె పక్కకు పోయి, చెడిపోయిన బోర్డు, వోల్టులు కొలిచే మల్టీమీటర్ ముందుకొస్తాయి. అసలు ఇంటర్వ్యూ అక్కడినుంచే. నేను పెట్టిన బోర్డులో రెగ్యులేటర్‌ను, అంటే పన్నెండు వోల్టులను చిప్‌కు సరిపడేలా తగ్గించే భాగాన్ని, ముందురోజే పాడుచేసి ఉంచాను. పన్నెండు వోల్టులు బోర్డుకు అందుతున్నాయని తెలిపే ఎర్ర ఎల్‌ఈడీ మాత్రం వెలుగుతూ ఉంటుంది.

ఆ రోజు వచ్చినవాళ్ళంతా రెగ్యులేటర్ అవుట్‌పుట్ దగ్గర ప్రోబ్‌ను, అంటే మీటర్ వైరు చివరి సూదిని, పెట్టి, మీటర్‌లో సున్నా చూసి, రెగ్యులేటర్ పోయిందన్నారు. నాకు కావలసిన జవాబు అదే కాబట్టి మెచ్చుకుని పంపాను.

చివర వచ్చింది రూతు. నల్గొండ వైపు పల్లె నుంచి వచ్చి సరూర్‌నగర్‌లో కిరాయికి ఉంటున్న కుటుంబం. తండ్రి చర్చిలో మైకులు, స్పీకర్లు చూసుకునేవాడట. ఇంజినీరింగ్ ముగిసి ఏడాది దాటింది. ఫ్రెషర్ అన్న పేరు ఇంకొన్ని నెలలే చెల్లుతుంది. ఆ తర్వాత ఈ లైన్‌లో ఎవరూ పిలవరు. ఆ సంగతి ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

అవుట్‌పుట్ చూసింది, సున్నా. అందరిలా అక్కడే ఆగకుండా, పన్నెండు వోల్టులు ఉండాల్సిన ఇన్‌పుట్ దగ్గర కూడా ప్రోబ్ పెట్టింది. అక్కడా సున్నానే. వంగి ఎర్ర ఎల్‌ఈడీని చూసింది.

"సార్, ఈడ గూడ సున్నానే చూపిస్తున్నది. కానీ ఎర్ర లైటు వెలుగుతున్నది. జర మీటర్ వైర్లు చెక్ చేస్త."

మీటర్ నాది. పొద్దున్నుంచీ అందరూ దాంతోనే సరైన జవాబు చెప్పారు. పైగా భోజనానికి ఆలస్యమవుతోంది.

"ఏంటమ్మా, నీకు రాకపోతే మీటర్ మీద పెడతావా? ఇంకాసేపుంటే ఫ్యాన్ కూడా సరిగ్గా తిరగట్లేదంటావు" అన్నాను. పక్కనున్న అకౌంటెంట్ నవ్వాడు.

ఆమె నవ్వలేదు. "రెండు ప్రోబులు ఒకదానికొకటి తాకిస్తే, వైర్లు మంచిగుంటే బీప్ అంటది సార్. ఒక్క నిమిషం."

నేను చేయి చాపి మీటర్ తీసేసుకున్నాను.

సాయంత్రం రావుగారు ఫోన్ చేసి రూతు ఎలా చేసిందని అడిగారు. ఆ అమ్మాయికి మీటర్ పట్టుకోవడమే రాదని చెప్పాను. ఫ్యాన్ మాట కూడా కలిపి చెప్పి నవ్వించాను.

మరుసటి వారం ఏదో పని మీద మీటర్ తీస్తే ఎక్కడ పెట్టినా సున్నా. ప్రోబులు రెండూ తాకించాను. బీప్ రాలేదు. నల్ల వైరు ప్లగ్ దగ్గర లోపలే తెగి ఉంది. అంటే ఆ రోజు మిగతావాళ్ళది అదృష్టం. చచ్చిన మీటర్ చూపిన సున్నాను నమ్మి, నాకు కావలసిన మాట చెప్పారు. నిజంగా కొలిచింది రూతు ఒక్కతే.

అప్పటికే ఇంకొకరికి ఉద్యోగం ఇచ్చేశాం. అయినా రావుగారికి ఒక్క ఫోన్ చేస్తే సరిపోయేది. చేయలేదు. కొత్త వైర్లు తెప్పించుకుని ఊరుకున్నాను.

వానాకాలం చివర్లో ఇంకో మనిషి కావలసివచ్చి ఆ ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్ళాను. ఎంక్వైరీ కౌంటర్‌లో కూర్చుని కొత్తవాళ్ళకు బ్యాచ్ టైమింగులు చెబుతోంది రూతు. నన్ను చూసి లేచి నమస్తే పెట్టింది. లోపల రావుగారు గొంతు తగ్గించి అన్నారు: "మీరు ఆ మాట అన్నాక ఎక్కడికీ పంపలేకపోయానండీ. పంపితే మా పేరు పోదూ? ఖాళీగా ఎందుకని ఇక్కడ కూర్చోబెట్టాను."

ఆమెను లోపలికి పిలవమన్నాను. తెగిన వైరు సంగతి, అది తెలిశాక కూడా నేను నోరు మెదపని సంగతి ఇద్దరి ముందూ చెప్పాను. మా దగ్గర చేరమని కూడా అడిగాను.

రూతు ఒక్కటే అడిగింది. "సార్, ఆ రోజు ఎర్ర లైటు మీకు కనవడలేదా?"

కనబడలేదంటే నా తప్పు సగం తగ్గేది.

"కనబడిందమ్మా. నువ్వు చెప్పగానే చూశాను."

ఆమె తల ఊపింది. "మీ తాన వద్దు సార్. బయటి కంపెనీలకు పంపుమని మా సార్‌కు చెప్పున్రి, చాలు."

చెప్పాను. రెండో ఇంటర్వ్యూలోనే ఆమెను తీసుకున్నారు. దవాఖానల్లో వాడే మానిటర్లకు బోర్డులు టెస్ట్ చేసే పని. అయినా మీటర్ మీద నెపం పెట్టిన అమ్మాయి కథను మా లైన్‌లో ఇప్పటికీ కొందరు నవ్వుతూ చెప్పుకుంటారు. ఆ కథ మొదలుపెట్టింది నేనే. అది అబద్ధమని ఇక్కడ రాసిపెడుతున్నాను.

ఇంటర్వ్యూకు వెళ్ళేవాళ్ళు బోర్డు ముట్టుకునే ముందు ప్రోబులు రెండూ తాకించి చూడండి. ఎదుటివాళ్ళు నవ్వినా సరే, చూడండి. ఇక నా సంగతంటారా, మీటర్ ఇంటర్వ్యూకు వచ్చినవాళ్ళ చేతికిచ్చాక, వాళ్ళు చాలు అనేదాకా నా చేతులు బల్ల కిందే పెట్టుకుంటాను.