గాలిలో కొసరు

మా వాడకట్టులో కారు టైర్లకు ఇంట్లోనే గాలి కొట్టుకున్న మొదటి మనిషిని నేనే. అది మా వంశంలోకెల్లా తెలివితక్కువ నిర్ణయం అన్నది కూడా నా ఘనతే. పోటీ తక్కువేమీ కాదు. ధర సగానికి పడిందని వానాకాలంలో ఉప్పు బస్తాలు కొని, దసరా నాటికి ఖాళీ గోనెలు మిగుల్చుకున్న తాత ఉన్నాడు మాకు. ఆయన్ని కూడా దాటాను.

హైదరాబాద్ రాజ్యం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన కొత్త. కొత్త పైసలు బజారుకు వచ్చినా కరీంనగర్‌లో మా నోళ్లలోంచి అణాలు పోలేదు. ఊరు విడిచి వెళ్తున్న ఒక వకీలు దగ్గర పాత నల్లకారు కొన్నాను. బస్టాండు దగ్గరి టైర్ల దుకాణంవాడు చక్రానికి రెండు అణాలు తీసుకుని గాలి కొట్టేవాడు. నేను కిరాణా దుకాణంలో పుట్టి పెరిగినవాణ్ని. ఖాళీ డబ్బాలు, తెగిన గోనెలు, చింతపండు చుట్టిన చాప కూడా అమ్ముడుపోవడం చూశాను గాని, గాలిని అమ్మడం ఎన్నడూ చూడలేదు. పదిహేను రోజులకోసారి గాలికి ఎనిమిది అణాలు పొయ్యడానికి ప్రాణం ఒప్పలేదు.

పాత ఇనుప సామాను అమ్మే ముసలాయన దగ్గర ఒక చేతిపంపు కనపడింది.

"పద్దెనిమిది," అన్నాడు.

"తొమ్మిది."

"సావుకారి కొడుకువు, గట్లనే అంటవ్. దీనిల నుంచి అచ్చే గాలే తొమ్మిది జేస్తది."

"గాలి నేను కొట్టుకుంట గద. ఇనుముకు జెప్పు."

పదకొండుకు తెగింది. రూపాయలు ఆయన చేతిలో పెడుతూనే, పక్కన పడి ఉన్న గాలిమీటరు తీసి జేబులో వేసుకున్నాను.

"అదేంది?"

"కొసరు."

ముసలాయన నెత్తి కొట్టుకున్నాడు. ఆ మీటరు మాత్రం పాపం చివరిదాకా నిజమే చెప్పింది.

కొసరంటే మా ఇంట్లో సరదా మాట కాదు. తూకం సరిపోయాక ఇంకో పిడికెడు వెయ్యనిదే గిరాకీ కదలదు. మేం కొనబోతే ఇంకో పిడికెడు వేయించుకోనిదే మేమూ కదలం. ముల్లు సరిగ్గా నడుమ నిలిస్తే, దుకాణం నడిపే మా బాపుకు అది సగం తూకం.

కారు తలుపు లోపల అతికించిన రేకు మీద టైరుకు ఇరవై నాలుగు పౌండ్లు అని ఉంది. తెల్లవారుజామున, టైర్లు ఇంకా చల్లగా ఉండగానే, గొంతుక్కూర్చుని వాల్వు మూత తిప్పి, మీటరు పెట్టి చూసేవాణ్ని. తక్కువుంటే పంపు తగిలించి, వంగి లేచి, వంగి లేచి కొట్టేవాణ్ని. బాపు అరుగు మీద కూర్చుని వేపపుల్ల నములుతూ చూసేవాడు.

"దుకాణంల గింత చెమట తీసినవారా ఎన్నడన్న?"

మీటరు ఇరవై నాలుగు చూపించేది. నేను ఆపేవాణ్ని కాదు. ఇరవై నాలుగు కంపెనీవాడి తూకం. మరి కొసరో? ఇంట్లో గాలి, చేతిలో పంపు, అడ్డు చెప్పే అంగడివాడు లేడు. ముప్పై దాకా పోయేవాణ్ని. దూరప్రయాణమైతే ముప్పై అయిదు.

ఆ ఎండాకాలం దూరప్రయాణం తగిలింది. హుస్నాబాద్‌లో ఇచ్చిన మా అక్కకు అయిదేళ్ల కూతురు. దాన్ని బాసర తీసుకుపోయి అక్షరాలు దిద్దించాలని అక్క పట్టు పట్టింది. నన్ను పంతులుగారింటి బడికి పంపిన ఇంట్లోనే అక్కను పంపలేదు. పద్దులో తన పేరు ఏదో కూడా అక్కకు తెలియదు. అక్క వాళ్ల అత్తకు ఇదంతా గిట్టలేదు. చివరకు ఒక షరతు పెట్టింది: "పంతులు పెట్టిన ముహూర్తం తప్పిందా, మల్ల బడి ఊసెత్తద్దు. పిల్ల నాతోని చేనుకు అస్తది." బావ తల్లికి ఎదురు చెప్పే మనిషి కాదు. ముహూర్తం పగలు పదకొండు గంటలకు.

"బస్సుల పోత తమ్మీ, అది నమ్మకం," అంది అక్క.

"ఇంట్ల కారు పెట్టుకొని బస్సా? నాలుగు టైర్లు రాయిలెక్క చేసిన," అన్నాను.

పంపును మాత్రం ఇంట్లో గదిలో పెట్టి తాళం వేశాను. వెంట తీసుకుపోతే దారిలో ఎవడో ఒకడు అడుగుతాడని.

ముందురోజే బయలుదేరి, సోను దగ్గర గోదావరి దాటి, రాత్రికి నిర్మల్‌లో చుట్టాలింట్లో ఆగాం. తెల్లవారి చల్లపూట బయలుదేరితే సరిపోయేది. మేనకోడలు కొయ్యచిలుక కావాలంది. రూపాయి పావలా చెప్పినదాన్ని రూపాయికి దించేసరికి ఎండ నెత్తికెక్కింది.

"అయిందా నీ యుద్ధం?" అంది అక్క.

"పావలా మిగిలింది."

బైంసా తోవలో కంకర పెనంలా కాలుతోంది. తొమ్మిదిన్నర దాటగానే తుపాకి పేలినట్టు చప్పుడైంది. కారు ఒక పక్కకు ఒరిగి ఆగింది. దిగి చూస్తే వెనక టైరు పొట్ట చీలి ఉంది.

"స్టెపిని ఉన్నది, ఫికర్ లేదు," అన్నాను. తీసి చూస్తే ఆ అదనపు చక్రం చాపలా మెత్తగా ఉంది. నాలుగు నెలలు కళ్లముందు చక్రాలకు కొసరు మీద కొసరు వేసినవాణ్ని, డిక్కీలో ఉన్నదాని ముఖం ఒక్కసారి చూడలేదు.

అక్క పేలిన టైరు మీద చెయ్యి పెట్టి చటుక్కున తీసేసింది.

"ఎంత గొట్టినవ్ గాలి?"

"ముప్పై అయిదు."

"ఎంత గొట్టాలె?"

"ఇరవై నాలుగు."

"పూరీ సుత చల్లగున్నప్పుడు సప్పగనే ఉంటది. కాగే నూనెల ఏస్తెనే గద ఉబ్బేది. నీకు గది సుత ఎరుక లేదా?"

లేదు. పూరీలు తినడమే ఎరుక.

గంట గడిచినా ఒక్క బండీ రాలేదు. నా చేతి గడియారం పదకొండుకు దగ్గరపడుతోంది. అక్క దాన్ని చూడటం మానేసి, ఇప్పచెట్టు కింద చీర కొంగుతో నేల తుడిచి, మూటలోంచి ఇత్తడి పళ్లెం తీసి బియ్యం పోసింది. పసుపు బొట్టు పెట్టింది.

"ముహూర్తం గడియారంల ఉంటది. బాసరల లేదు," అంది. "రా, రాయించు."

"తల్లివి, నువ్వు పట్టాలె చెయ్యి."

"నాకు రాదు గద."

అక్క పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని దాని వేలు పట్టుకుంది. "నా చెయ్యి నువ్వు పట్టు," అంది నాతో. అట్లా ఒకరి చెయ్యి మీద ఒకరి చెయ్యితో ఓం రాశాం, నమః రాశాం. శివాయ దగ్గరికి వచ్చేసరికి అక్క వేలు నాకంటే ముందు కదలడం మొదలుపెట్టింది. నేను పట్టు కొద్దిగా వదిలాను.

"మామా, టైరు మల్లెప్పుడు పేల్తది?" అంది మేనకోడలు.

పన్నెండు దాటాక వెదురు లారీ వచ్చింది. డ్రైవరు దిగి స్టెపినిని కాలితో తన్ని నవ్వాడు.

"ఇది పండుకున్నది గదనే! లేపుదాం తియ్యి."

తన పంపుతో తనే కొట్టాడు. సరిపోయిందని అతను ఆపగానే నా నోటికి అలవాటైన మాట వచ్చేసింది: "ఇంకో నాలుగు గొట్టు అన్నా."

"తమ్మీ!" అంది అక్క.

డ్రైవరు పైసలు వద్దన్నాడు, అక్క ఇచ్చిన బెల్లంముక్క మాత్రం తీసుకున్నాడు. పొద్దు వాలుతుండగా బాసర చేరాం. అమ్మవారి ముందు పలక పెట్టించి, దండం పెట్టుకుని తిరిగి వచ్చాం.

హుస్నాబాద్‌లో గుమ్మం దగ్గరే అత్త అడిగింది: "ముహూర్తానికి అయిందా?"

"నిమిషం దాటలే అత్తా. అమ్మవారి కాడ పలక సుత పెట్టిచ్చినం."

రెండూ నిజాలే. రెండింటినీ కలిపి అక్క ఒకే పొట్లం కట్టింది. దుకాణంలో పెరిగింది నేనొక్కణ్నే కాదు. వానలు పడగానే పిల్ల బడికి పోయింది.

వచ్చేటప్పుడు అక్క టైరు ఖర్చుకని నా చేతిలో అయిదు రూపాయలు పెట్టింది. వద్దనాలని తెలుసు. తీసుకున్నాను.

ఇక లెక్క. పంపు పదకొండు రూపాయలు. మీటరు కొసరు. పేలినదాని బదులు కొన్న పాత టైరు నలభై అయిదు, ట్యూబు తొమ్మిది. మొత్తం అరవై అయిదు. ఇంట్లో కొట్టుకున్న నాలుగు నెలల గాలి మీద మిగిలింది నాలుగు రూపాయలు, చిలుక మీద పావలా, అక్క ఇచ్చినవి అయిదు. ఇవన్నీ తీసేస్తే నికర నష్టం యాభై అయిదు రూపాయల పన్నెండు అణాలు. బెల్లంముక్క అక్కది గనుక ఇందులో కలపలేదు.