ఈల వేయని రాయి

ఎనభైల చివర్లో మేం ఎడ్లపాడు దగ్గర రాళ్ళ క్వారీ పక్కనే కాపురం ఉండేవాళ్ళం. మధ్యాహ్నం కొండ పేల్చేముందు ఈల వేసేవాళ్ళు. అది వినపడగానే పొయ్యి మీది కూర దించేసి, పిల్లని చంకనేసుకుని మంచం కింద దూరేదాన్ని. ఇంటిపైన పెంకులు పగలడం మాకు మామూలే.

ఒకరోజు మా ఆయన టీకొట్టులో పేపర్ చదివొచ్చాడు. "ఏమే, ఆకాశంలో కొండంత రాయి మన భూమి పక్కనుంచే పోయిందంట. పోయినాక గానీ ఎవరూ చూడలేదంట," అన్నాడు నవ్వుతా.

"ఇంకోటొస్తే?"

"బాంబు పెట్టి పేల్చేస్తారంటలే."

నాకు ఒళ్ళు మండింది. "ముక్కలు ఎవరి కొంప మీద పడతయ్యో కూడా రాశారా? పేల్చకపోతే ఏం, పక్కకి నెట్టొచ్చుగా!"

"నెట్టాలంటే చానా ముందే కనపడాలిగా," అన్నాడు. ఈసారి నవ్వలేదు.

అంతలో ఈల వినపడింది. ముగ్గురం మంచం కింద దూరాం. కొండ పేలింది. పెంకుల మీద రాళ్ళు టపటపా రాలి ఆగినయ్. ఆయన పిల్లని ఎత్తుకుని బయటికి పోయి, "అయిపోయింది, రావే," అని పిలిచాడు.

ఆ ఈల వేసేవాణ్ణి రోజూ తిట్టుకునేదాన్ని. ఆకాశానికి అట్టాంటోడు ఒక్కడన్నా ఉంటే బాగుండనుకుంటా, ఆ రోజు చానాసేపు మంచం కిందే ఉండిపోయాను.