ఖాళీ బెంచీల చుట్టం

లా కాలేజీలో సబ్జెక్టు ఎంచుకునేటప్పుడు అందరూ మార్కులు ఎలా వేస్తారో చూస్తారు, మేష్టారెవరో చూస్తారు, క్లాసు పొద్దున్నే ఉందేమోనని కంగారు పడతారు. ‘సముద్రం’ మాత్రం బెంచీలు చూసేది. ఏ క్లాసులో అవి ఖాళీగా కనిపిస్తే అందులో చేరిపోయేది. ఆ పేరూ అలా వచ్చిందే. కనుచూపు మేరలో చెరువైనా లేని ఊళ్లో ఓడల చట్టం చదివే పిల్లను ఇంకేమని పిలుస్తారు?

హాస్టల్లో ఆమెతో గది పంచుకున్న స్నేహితురాలు అందుకు పూర్తిగా భిన్నం. ఆచితూచి అడుగేసే మనిషి. పరీక్షకూ పరీక్షకూ మధ్య కాస్త ఊపిరి పీల్చుకునే వ్యవధి ఉంటేనే సబ్జెక్టు ముట్టుకునేది.

“ఈసారి ఏం తీసుకున్నావే?” అని అడిగింది ఒకరోజు.

“గనులు, ఓడలు, విమానాలు. ప్రాచీన రోమన్ చట్టం కూడా.”

“నేల కింద, నీళ్ల మీద, గాల్లో. మరి నేల మీద?”

“చూస్తున్నానే. ఎవరూ చేరనిది దొరకాలిగా.”

ఇన్ని చట్టాలు ఒక్క బుర్రలో ఇమిడేవి కావు. కాలేజీలో జరిగిన ఉత్తుత్తి కోర్టులో పొరుగువాడి తోటలో పడి మేసిన మేక తరఫున ఆమె వాదించింది. ఓడల చట్టం ప్రకారం మేకను ఒడ్డుకు కొట్టుకొచ్చిన సరుకుగా పరిగణించాలని కోరింది. జడ్జి కుర్చీలో ఉన్న మేష్టారు కళ్లజోడు తీసి తుడుచుకుని, “మేకకు లంగరు ఉందామ్మా?” అన్నారు. “పలుపు ఉందండీ,” అంది సముద్రం, ఏమాత్రం తొణక్కుండా.

స్నేహితురాలికి మాత్రం మొదటి నుంచీ ఒకే పట్టుదల, కార్మిక చట్టం చదవాలని. వాళ్ల నాన్న మిల్లు యంత్రంలో వేళ్లు పోగొట్టుకున్నప్పుడు పరిహారం ఎలా అడగాలో ఇంట్లో ఎవరికీ తెలియలేదు. తీరా ఆ సబ్జెక్టు తీసుకునే ఏడు వచ్చేసరికి ఆఫీసు గుమాస్తా పెదవి విరిచాడు. “ఒక్కరు తక్కువయ్యారమ్మా. సాయంత్రంలోగా ఇంకొకరు చేరకపోతే క్లాసు ఎత్తేస్తారు.”

ఆమె గదికొచ్చి ముక్తసరిగా సంగతి చెప్పి, గోడవైపు తిరిగి పడుకుంది. సముద్రం చెప్పులేసుకుని బయటికి వెళ్లింది.

మర్నాడు క్లాసు జరిగింది. ముందు బెంచీలో సముద్రం కూర్చునుంది.

“నీకిప్పటికే మెడ దాకా ఉందిగా,” అంది స్నేహితురాలు.

“నేల మీద ఏదని అడిగావుగా.”

అనుమానమొచ్చి స్నేహితురాలు గుమాస్తాను కదిపింది. “ఆ అమ్మాయి ఎప్పుడూ అంతేనమ్మా,” అన్నాడతను. “చివరి రోజొచ్చి, ఏ క్లాసు ఆగిపోయేలా ఉందండీ అని అడిగి మరీ చేరిపోతుంది. ఎవరికీ చెప్పొద్దంటుంది.”

ఆమె తిన్నగా గదికొచ్చి నిలదీసింది. సముద్రం దొరికిపోయిన దొంగలా గోళ్లు చూసుకుంది. “ఎవరో ఒకరు ఎంతో ఇష్టపడి చేరుంటారు కదే. నాకైతే ఏదైనా ఒకటే. నాకేది ఇష్టమో నాకే ఇంకా తెలీదు.”

“ఇలాగే పోతే అన్నీ తప్పుతావు. ఒకటి వదిలెయ్. ఓడలు వదిలెయ్.”

“వదిలితే ఆ పాఠం చెప్పే పెద్దాయన క్లాసు పోతుంది.”

స్నేహితురాలు చాలాసేపు ఆలోచించింది. ఆ తర్వాత, జీవితంలో మొదటిసారి, పరీక్ష ఎప్పుడో కూడా కనుక్కోకుండా ఆఫీసుకు వెళ్లి, సముద్రం బదులు ఓడల చట్టంలో తన పేరు రాయించుకుంది.

రిటైర్మెంటుకు దగ్గరపడిన ఆ మేష్టారు కొత్త ముఖాన్ని పరకాయించి చూశారు. “ఓడలంటే ఇష్టమామ్మా?”

“ఇవాళ్టి నుంచేనండీ.”

ఆయన ముఖం విప్పారింది. బోర్డు ఈ చివర నుంచి ఆ చివరకు పెద్ద ఓడ గీయడం మొదలుపెట్టారు. గంట కొట్టేసరికి ఇంకా తెరచాపల దగ్గరే ఉన్నారు. ఒక్కరూ లేవలేదు.