రేడియో కాక చెప్పిన కారణం

నా చిన్నప్పుడు మాదన్నపేటలో ఫుట్‌బాల్ గురించి ఆఖరి మాట రేడియో కాకది. కూరగాయల మార్కెట్ దాటగానే ఆయన రేడియో రిపేరు షాపు ఉండేది. దాని వెనక సందులో మేం అద్దెకుండేవాళ్లం. నేను పుట్టకముందే మా నాన్న కృష్ణా జిల్లా నుంచి ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తాగా ఈ ఊరు వచ్చాడు. ఇంట్లో అమ్మ కాకను ‘బాబాయిగారు’ అనమనేది. వాడలో పిల్లలంతా ‘కాకా’ అనేవాళ్లు, నేనూ అలాగే పిలిచేవాణ్ణి. గడప లోపల ఒక తెలుగు, గడప దాటితే మరో తెలుగు. ఒకసారి మాత్రం ఆట మధ్యలో పొరపాటున ‘బంతి ఇటివ్వండి’ అని అరిచాను. మా గోల్‌కీపర్ బంతిని రెండు చేతుల్లో పట్టుకొచ్చి, నడుం వంచి, “తీస్కోండి సార్. ఛాయ్ గిట్ల తాగుతరా?” అన్నాడు. చాలా రోజులు నన్ను ‘అండిగారు’ అనే పిలిచారు. అందులో నాకు విషం కనిపించలేదు. నాకూ నవ్వే వచ్చింది.

కాక షాపులో ఒక షార్ట్‌వేవ్ రేడియో ఎప్పుడూ అమ్మకానికి ఉండేది. ఎవరడిగినా ఆయన అమ్మేవాడు కాదు. దాంట్లో రాత్రిపూట లండను, పొద్దునపూట ఆస్ట్రేలియా వినిపించేవి. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత ఇంగ్లిష్ ఆటల పత్రికలు ఏరుకొచ్చేవాడు. ఈ రెండింటి నుంచీ ఆయనకు ప్రతి దేశపు ఆట మీదా ఒక అభిప్రాయం ఏర్పడింది. దేన్నైనా వరుసలో పెట్టుకోవడం నాకు అప్పటికే అలవాటు కాబట్టి వాటినీ అలాగే దాచుకున్నాను.

ఒకటి, ఇంగ్లండు. అక్కడ ఆటే ఉద్యోగం, వారం వారం జీతం. కానీ ఒక క్లబ్బు తన ఆటగాణ్ణి ఇంకో క్లబ్బుకు అమ్ముకుంటుంది. మనిషిని సంతలో ఎద్దులా బేరమాడటం కాకకు నచ్చేది కాదు. ఎద్దుకు మేతైనా దొరుకుతుంది కదా అని మళ్లీ తనే సర్దిచెప్పుకునేవాడు. రెండు, మన దేశం. ఇక్కడ ఆటకు జీతం లేదు. బాగా ఆడినవాడికి పోలీసులోనో బ్యాంకులోనో కొలువిస్తారు, ఆడినన్నాళ్లు చప్పట్లు కొడతారు, మోకాలు పోయాక గేటు దగ్గర నిలబెడతారు. మన ఊరి వాళ్లున్న జట్టు ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను వాళ్ల గడ్డ మీదే ఓడించిందని, అంత గెలుపు గెలిచి వచ్చినవాడు సైకిల్ తొక్కుకుంటూ డ్యూటీకి పోవడం తను కళ్లారా చూశానని చెప్పేవాడు.

మూడోది ఆస్ట్రేలియా. ఇక్కడికి వచ్చేసరికి కాక గొంతు మారేది. అక్కడి జనానికి కోడిగుడ్డు లాంటి బంతితో, చేతులతోనూ కాళ్లతోనూ ఆడే వేరే ఆట ఉంది. వాళ్లకు అదే ప్రాణం. మన ఫుట్‌బాల్ ఆడేది ఓడల్లో వలస వచ్చిన గ్రీకులు, ఇటలీ వాళ్లు, యుగోస్లావులు. ఎవరి క్లబ్బు వాళ్లది. వారమంతా ఫ్యాక్టరీల్లో పనిచేసి సెలవు రోజున ఆడతారు. చేతికొచ్చేది సబ్బుకూ సోడాకూ సరిపోతుంది. ఇది వలసొచ్చినవాళ్ల ఆట అని ఊరివాళ్లు మొహం తిప్పుకుంటారు. ఎక్కడో సముద్రాల అవతల జరిగే ఈ అన్యాయాన్ని కాక భరించలేకపోయేవాడు.

“ఓడ దిగినోడు ఆడితే ఆట మైలపడ్తదా? బంతి ఎవని కాలికాడుంటే గప్పటిమట్టుకు ఆట వానిదే. గీ చిన్న ముచ్చట గంత పెద్ద దేశానికి తెల్వకపాయె” అనేవాడు, చేతిలో సోల్డరింగ్ కడ్డీ ఊపుతూ.

ఆ మాట నా గురించే అన్నట్టు వినేవాణ్ణి.

మా వాడ పిల్లల జట్టుకు కోచీ, మేనేజరూ, రిఫరీ అన్నీ కాకే. వారానికో రోజు ఉల్టా కాలు ఆట పెట్టేవాడు. ఆ రోజు ఎవరికి ఏ కాలు అలవాటు లేదో ఆ కాలితో వేసిన గోలే లెక్కలోకి వచ్చేది. మన ఊరి పెద్ద జట్లలోనూ ఈ పద్ధతి ఉండేది. ఉల్టా కాలు ఆటలో నేను మరీ మెరిసేవాణ్ణి కాదు, అలాగని చివరివాణ్ణీ కాదు. నా స్థానం రైట్ అవుట్. కుడి గీత వెంట పరుగెత్తి, బంతిని మధ్యలోకి పంపడం నా పని. ఆ పనికి కుడి కాలు కావాలి. నా కుడి కాలు బాగుండేది.

అరవై తొమ్మిదిలో మొఘల్‌పురా జట్టుతో షీల్డు మ్యాచ్ పడింది. అందరి దగ్గరా తెల్ల బనీన్లు తీసుకుని కాక భార్య పెద్ద గిన్నెలో పసుపు రంగు వేసింది. మా అమ్మ కొత్త బనీనే ఇచ్చింది. అంతవరకూ జట్టు రంగేసుకుని ఆడలేదు, పెద్దవాళ్ల ముందు ఆడలేదు. ఆ పదకొండు మందిలో ఉండటం తప్ప ఆ చలికాలమంతా నాకు వేరే కోరిక లేదు.

గోడల మీద రాతలు మొదలైంది కూడా ఆ రోజుల్లోనే. ముల్కీ అంటే ఈ ప్రాంతం వాడు. నాన్ ముల్కీ అంటే మేం. ఇక్కడి ఉద్యోగాలు ఇక్కడివాళ్లకే రావాలన్నది అప్పుడు ఊళ్లో లేచిన ఉద్యమం మాట. ఆ మాటలో న్యాయం ఉందని మా నాన్న కూడా ఇంట్లో అనేవాడు. అనేసి లేచి తలుపు గడియ వేసేవాడు.

మ్యాచ్ ముందు రోజు సాయంత్రం కాక మమ్మల్ని షాపు దగ్గరికి రమ్మన్నాడు. పసుపు బనీన్లు తీగ మీద ఆరుతున్నాయి. ఒక్కొక్కరి పేరు పిలిచి బనీను చేతికిచ్చాడు. రైట్ అవుట్ దగ్గర గోల్‌కీపర్ తమ్ముణ్ణి పిలిచాడు. ఏదో పొరపాటు అనుకున్నాను. పేర్లన్నీ అయ్యేసరికి తీగ మీద నా బనీను ఒక్కటే మిగిలింది. కాక దాన్ని మడిచి నా చేతిలో పెట్టి, నా మొహం వైపు చూడకుండా అన్నాడు.

“నీ ఎడమ కాలు ఇంక కుదర్లేదు బిడ్డా. మొఘల్‌పురా బ్యాకులు గట్టిగుంటరు. ఈసారికి కూసో.”

నేను ఏడవలేదు. నాకు కారణం దొరికింది. కారణం ఉన్నచోట ఏడవాల్సిన పని లేదనుకునే రకం పిల్లవాణ్ణి నేను. రైట్ అవుట్‌కు ఎడమ కాలితో అంత పనేముందన్న అనుమానం రాకపోలేదు. దానికి సమాధానం కూడా నేనే వెతికి పెట్టాను. అడ్డుకునే బ్యాకు వచ్చి కుడి గీత వెంట దారి మూసేస్తే లోపలికి తిరగాలి, తిరిగితే ఎడమ కాలే గతి. కాక ఎంత దూరం ఆలోచించాడో అనుకున్నాను. మర్నాడు మా వాళ్లు గెలిచారు. దాంతో నా ఎడమ కాలు మీద నేరం రుజువైపోయింది.

తర్వాత స్కూళ్లు మూతపడ్డాయి. ఊళ్లో గొడవలు, అప్పుడప్పుడూ కర్ఫ్యూ. ఆ వేసవి అంతా మా ఇంటి వెనక గోడకు ఎడమ కాలితో బంతి కొడుతూ గడిపాను. అలవాటు కొద్దీ కుడి కాలు ముందుకు రాకుండా దానికి నాన్న పాత ఆఫీసు బూటు తొడిగి, లోపల గుడ్డలు కుక్కాను. మొదట్లో బంతి పక్కింటి డాబా మీదికి పోయేది. తర్వాత గోడకు తగిలేది. ఆ తర్వాత గోడ మీద బొగ్గుతో నేను గీసిన గుండ్రానికి తగిలేది. ముందు మడమ తిప్పాలా తుంటి తిప్పాలా అని చూసుకున్నాను, బంతికి ఎంత ఎడంగా నిలబడాలో చూసుకున్నాను. బొటనవేలు గోరు ఊడింది. నాన్న బూటు గురించి అడగలేదు. నేను ఆవరణ దాటి పోనందుకు అమ్మ సంతోషించింది. సున్నం రాలుతోందని ఇంటి ఓనరు ఒకసారి గొణిగాడు గానీ, ఆయనా గట్టిగా ఏమీ అనలేదు. ఇప్పుడు ఆలోచిస్తే నా ఎడమ కాలు అందరికీ బాగానే పనికొచ్చింది.

స్కూళ్లు తెరిచాక, వానలు కాస్త తెరిపిచ్చిన ఒక సాయంత్రం గ్రౌండుకు వెళ్లాను. ఒక్కసారి చూడమని కాకను అడిగాను. గోల్‌కీపర్ నిలబడ్డాడు. ఎడమ కాలితో ఒకటి అతని కుడి పక్కకు, ఒకటి ఎడమ పక్కకు, ఇంకొకటి పైమూలకు కొట్టాను. ఒక్కటీ అతని చేతికి దొరకలేదు. పిల్లలు ఈల వేశారు. కాక మెచ్చుకోవడం కోసం నేను ఆగి చూస్తే, ఆయన చెప్పుకంటిన బురద తుడుచుకుంటున్నాడు. “బాగుందిరా” అన్నాడు. అని షాపు వైపు వెళ్లిపోయాడు.

గోల్‌కీపర్ బంతి తెచ్చిస్తూ నా కాలు వైపు చూశాడు. ఇదంతా ఎప్పుడు నేర్చావని అడిగాడు. ఎడమ కాలు బాగా లేదని తీసేశారు కదా, అందుకే నేర్చానని చెప్పాను. అతను నవ్వబోయి, నా మొహం చూసి ఆగిపోయాడు.

“అరె, నీ కాలుకేమైందిరా? బనీన్లిచ్చిన నాడు పొద్దుగాల నలుగురొచ్చి కాక షాపు ముందట నిలబడ్డరు. ఆంధ్రా పోరగాణ్ణి ఆడిపిస్తే షాపు ఉండదన్నరు. వాడల అందరికి ఎర్కనే గదా. మీ బాపుకు గుడ ఎర్కనే.”

అతను చెడ్డవాడు కాడు. నాకు తెలుసనే అనుకున్నాడు.

నేను షాపుకు వెళ్లాను. కాక ఒక రేడియో వెనక మూత విప్పి పెట్టుకుని ఉన్నాడు. ఆ నలుగురి సంగతి అడగలేదు. షాపు ఆయనకు కూడుపెట్టేది, అది నాకు ఆ వయసులోనూ అర్థమైంది. నాకు అర్థం కానిది ఒక్కటే, అదే అడిగాను. మరి నాకెందుకు చెప్పలేదు?

ఆయన రేడియోలోకి వంగి ఒక తీగ సరిచేశాడు.

“ఏమని చెప్పాలె బిడ్డా. మీ ఊరు పేరు పెట్టి తీసేసిన అని చెప్పాలెనా? కాలైతే నువ్వు బాగు చేస్కుంటవు. ఊరును ఏం చేస్కుంటవు?”

“నేను గీ ఊర్లనే పుట్టిన” అన్నాను.

ఆయన రేడియో మూత బిగించాడు. ఆదివారం ఆటకు రమ్మన్నాడు.

వెళ్లాను. తర్వాత కొంతకాలం ఆ జట్టులోనే ఆడాను కూడా. రెండు కాళ్లతో ఆడేవాడు వాడలో నేనొక్కణ్ణే అని చెప్పుకునేవాళ్లు. కాకలో ఏ మార్పూ రాలేదు. ఇంగ్లండు వాళ్లు మనుషుల్ని అమ్ముకుంటారని, మన వాళ్లు మోకాలు పోయాక గేటు దగ్గర నిలబెడతారని ఎప్పటిలాగే చెప్పేవాడు. ఆస్ట్రేలియా వాళ్లను తిట్టడం కూడా ఆపలేదు. ఆ కోపం నటన కాదు. అది నటన అయ్యుంటే నాకు తేలిగ్గా ఉండేది. గ్రీకుల కోసం, ఇటలీ వాళ్ల కోసం ఆయన నిజంగానే బాధపడేవాడు. వాళ్ల తరఫున ఎంత మాట్లాడినా షాపు ముందు ఎవరూ వచ్చి నిలబడలేదు, అంతే.

నేను పాలిటెక్నిక్‌లో ఉండగా పశ్చిమ జర్మనీలో ప్రపంచ కప్పు జరిగింది. ఆస్ట్రేలియా మొదటిసారి అక్కడిదాకా వెళ్లింది. పగలు పనిచేసుకుని సాయంత్రం ఆడేవాళ్లు, వేరే దేశాల్లో పుట్టినవాళ్లు ఆ జట్టులో ఉన్నారని కాక షాపు ముందు నిలబడి వచ్చేపోయేవాళ్లకు చెబుతున్నాడు. ఆ జట్టు ఒక్క గోలూ వేయలేకపోయింది. కాకకు అదేం పట్టలేదు. “ఊరోళ్లు చీదరించుకున్నోళ్లే ఊరి జెండా మోసిన్రు, చూసిన్రా” అంటూ ఇటు తిరిగి నన్ను చూశాడు. మాట మధ్యలో ఆగిపోయింది. ఈసారైనా ఏదో అంటాడని నిలబడ్డాను. ఆయన స్టూలు వైపు చెయ్యి చూపి, దాని మీదున్న సోల్డర్ తీగ ఇటు అందించమన్నాడు. అందించాను.

ఆయన నాకు దయ చేద్దామనే అబద్ధం చెప్పాడు. ఆ సంగతి ఒప్పుకుంటాను. కానీ ఆ దయ వల్ల నేను లేని తప్పును నెలల తరబడి దిద్దుకున్నాను. తీసేసినందుకు కాదు, ఆ గోడ ముందు గడిపిన పొద్దులకే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది. నిజం చెప్పి ఉంటే ఓ వారం ఏడ్చేవాణ్ణి. నా కాలును మాత్రం అసహ్యించుకునేవాణ్ణి కాదు.

గోల్‌కీపర్ నోట నిజం విన్న రోజు నుంచి నాకు ఒక అలవాటు మిగిలింది. నాలో ఫలానా లోపం ఉందని ఎవరైనా చెబితే దిద్దుకోవడానికి పరుగెత్తను. ముందు చెప్పేవాళ్ల మొహం చూస్తాను. డిప్లొమా అయ్యాక ఒక కంపెనీ ఇంటర్వ్యూలో నా డ్రాయింగులో పొందిక లేదన్నారు. సరేనని లేచి వచ్చేశాను, ఇంటికొచ్చి కాగితం ముందేసుకోలేదు. ఆ ఉద్యోగం ముందే ఎవరికో ఇచ్చేశారని తర్వాత తెలిసింది. ఆ ఒక్కసారి నా అలవాటు నన్ను కాపాడింది.

మిగతాసార్లు సంగతి చెప్పలేను. నా మాట కటువుగా ఉంటుందని, ఎదుటివాళ్లు చెప్పేది సగంలో కొట్టేస్తానని నా భార్య అంటుంది. అన్నప్పుడల్లా నేను చేతిలో పని ఆపి, ఆమె మొహంలోకి చూస్తాను, ఈ మాట వెనక ఎవరు నిలబడ్డారా అని. ఎవరూ ఉండరు. నా మాట కటువుగా ఉంటుందని మాత్రమే ఆమె చెబుతూ ఉంటుంది.