బండి కాళ్లు కడిగిన కల్లం

నల్లమల నడి అడవిలో, పులి గాండ్రింపు వింటూ, ఇల్లంత కారవాన్‌ను నిలిపి నిద్రపోయిన మొనగాణ్ణి నేను. మహబూబ్‌నగర్‌లో ఈ మాట చాలామందికి చెప్పాను. నిజానికి అది మన్ననూరు దాపున, అడవి అంచున ఉన్న ఒక పల్లీల కల్లం. గాండ్రించింది బర్రె.

పులుల అడవి చూద్దామని నేనూ మా ఆవిడా ఆ బండి కిరాయికి తీసుకుని బయలుదేరాం. పొద్దు వాలుతున్నా అది పట్టే జాగా దొరకలేదు. లాడ్జి గేటు ఇరుకు. పెట్రోలు బంకువాళ్లు వద్దన్నారు. ముందుకు పోదామంటే, రాత్రిపూట అడవి దారి మూసేస్తారు. నడుము పట్టేసి, ఇక కూర్చోలేనంది మా ఆవిడ.

దారి పక్కన సిమెంటు కల్లం ఊడుస్తున్న ఒకామెను రాత్రికి చోటడిగాను.

"పండుకోండ్రి పెద్దాయనా. గని కల్లం మీదికి చెప్పులతోని రావద్దు."

"మేమైతే విడుస్తం. మరి బండో?" అని నవ్వాను.

ఆమె నవ్వలేదు. "దానివి గూడ కాళ్లే గదా! గింజ పోసే జాగ ఇది. కడిగి ఎక్కియ్యాలె," అంటూ బిందెతో నీళ్లు తెచ్చింది.

ఆరు చక్రాలూ కడిగాం. చుట్టానికి కాళ్లకు నీళ్లిచ్చినట్టే ఉంది. మట్టివాసన లేచింది. వెన్నెల పరుచుకున్న కల్లం మీద మా బండి పడవలా తేలింది. అంత హాయైన నిద్ర మళ్లీ ఎప్పుడూ నాకు పట్టలేదు.

ఇదంతా చదివి మా ఆవిడ కళ్లజోడు తీసింది.

"కడిగాం అని రాసినవేంది? నడుము పట్టుకొని నేను, గామె కడిగినం. నువ్వు చెప్పులు చేతవట్టుకొని చూసుకుంట నిలబడ్డవ్."